బోటు మీద బలపం గీతలు

మార్కాపురంలో సముద్రపు బోటు ఒకటి ఉందని నరేంద్ర చెప్పినప్పుడు, కొత్త పెళ్లాం కదా అని ఆట పట్టిస్తున్నాడనుకుంది గోపిక. మంచినీళ్ల ట్యాంకరు వస్తే వీధి వీధంతా బిందెలతో పరుగెత్తే ఊళ్లో బోటేమిటి?

"ఒట్టు. కంభం రోడ్డులో మోహన్‌కృష్ణ అన్న షెడ్డులో ఉంది. రేపు ఆదిశేషు, రోజీ చూసేదానికి వస్తాండారు. నువ్వూ రా," అన్నాడు నరేంద్ర.

నువ్వూ రా అన్న ఆ రెండు మాటలకే ఆమెకు కడుపు నిండిపోయింది. పెళ్లయి ఇంకా నెల కాలేదు. ఈ మధ్య ఆమెకు ప్రతిదీ సంతోషమే. చారు పోసుకునే ముందు అతను అన్నంలో శ్రద్ధగా గుంట చేసుకోవడం, హెల్మెట్ తీయగానే అతని జుట్టు కోడిపుంజు తురాయిలా లేచి నిలబడటం, ఎంత రుద్దినా గోళ్ల సందుల్లోంచి పోని ఇంజినాయిలు, అన్నీ చూసి మురిసిపోతోంది. నరేంద్రది డీజిలు ఇంజన్ల వర్క్‌షాపు. పలకల రాయి తవ్వే క్వారీల్లో నీళ్లు తోడే ఇంజన్లన్నీ జబ్బు చేస్తే అతని దగ్గరికే వస్తాయి.

ఒక్కటే చిక్కు. అతన్ని ఏమని పిలవాలో ఆమెకు తేలడం లేదు. పేరు పెట్టి పిలవొద్దని అత్త మొదటిరోజే చెప్పింది. "ఏమండీ" అంటే అతనే పకపకా నవ్వాడు. అందుకని "ఇదిగో" అంటూ నెట్టుకొస్తోంది.

షెడ్డు ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీ. ఇప్పుడు మూతపడింది. గేటు దాటగానే గోపిక నోరు తెరిచి నిలబడిపోయింది. ఆవరణలో విరిగిన పలకలను దొంతరలుగా పేర్చి, వాటి మీద బోటును కూర్చోబెట్టారు. ఫైబరు బోటు. నీలం రంగు, పక్కలమ్మట ఎర్ర చార. ఒక మినీ బస్సంత పొడవుంది. కొండలు దాటి ఎక్కడికో బయలుదేరినట్టు ముక్కును నల్లమల వైపు తిప్పి, ఎండలో మెరుస్తూ ఉంది. పైన ఒక మేక నిలబడి, ఓడ నడిపేవాడిలా దర్జాగా వీళ్ల వైపు చూస్తోంది.

"ఇంత అందంగా ఉంటదా బోటు!" అంది గోపిక.

ఆ మాటకు మోహన్‌కృష్ణ మొహం వెలిగిపోయింది. ఆయన ఒకప్పుడు పలకల కాంట్రాక్టరు. కంభం చెరువులో జనాన్ని తిప్పుదామని సముద్రపు ఒడ్డున ఎవరో వాడిన ఈ బోటును కొనుక్కొచ్చాడు. ఆ ఏడు వానలు పడలేదు, చెరువు నిండలేదు. మరుసటి ఏడు చెరువు నిండింది గానీ ఆయన భార్య అడ్డం పడింది. "ఈత రానోడివి, నువ్వు బోటెక్కితే నేను పుట్టింటికి పోతా" అని తేల్చి చెప్పింది. అప్పటినుంచీ బోటు ఇక్కడే. దసరాకు దానికి పసుపు కుంకుమలు పెడతాడు. నెలకోసారి ఇంజను తిప్పుతాడు. ఎవరైనా అడిగితే మాత్రం అమ్ముతానంటాడు, అడిగినవాళ్లు వెనక్కిపోతే సంబరపడతాడు.

ఆదిశేషు, రోజీ అప్పటికే వచ్చి ఉన్నారు. ఆదిశేషు ఒంగోలు పాలిటెక్నిక్‌లో నరేంద్రకు రూమ్మేటు. చదువయ్యాక మళ్లీ కొత్తపట్నం పోయి తండ్రితో సముద్రం మీదికే వెళ్లాడు. మాటలు తక్కువ. ఆ లోటంతా భార్య రోజీ తీరుస్తుంది. కొత్తపట్నం ఒడ్డున చేపల వేలంపాటలో ఆమె గొంతు లేస్తే మిగతా వాళ్లు ఆగి వింటారట.

"ఇదేనా మా కొత్త చెల్లెలు?" అంటూ రోజీ గోపిక గడ్డం పట్టుకుంది. "బావా, ఈ పిల్లను ఎండలో ఎందుకు తెచ్చావు? కరిగిపోద్ది."

"నేను తేలేదు రోజీ. తనే బండి వెనక ఎక్కి కూచుంది," అన్నాడు నరేంద్ర.

"అబద్ధం వదినా! ఇదిగో, నువ్వే గదా రమ్మన్నది?"

"ఇదిగో అంటన్నావా మొగుణ్ణి?" రోజీ పడీపడీ నవ్వింది. "బానే ఉంది. నేను మా ఆయన్ని ఓయ్ అంటా."

ఆ నవ్వు ఆగాక అసలు సంగతి వచ్చింది. పోయిన తుపానుకు ఆదిశేషు బోటు ఒడ్డునే ముక్కలైంది. అప్పటినుంచీ ఇతరుల బోట్లలో కూలికి పోతున్నాడు. ఇప్పుడు సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది. అది ఎత్తేసేలోగా సొంత బోటు దొరికితే సరే, లేకపోతే మంగళూరు పోయి అక్కడి బోట్లలో చేరాలి. పోతే మళ్లీ వచ్చేది ఏ ఏడాదికో. చాలా బోట్లు చూశారు. బాగున్నవి అందలేదు, అందినవి బాగాలేవు. ఇదే చివరిది.

ఆదిశేషు బోటును చూడటం మొదలుపెట్టాడు. ముందు ఏమీ ముట్టుకోలేదు. వెనక వైపు అమరం దగ్గర కూర్చుని, ఒక కన్ను మూసి, పక్క గోడ వెంబడి ముక్కు దాకా చూపు సాగదీశాడు. ఎక్కడైనా ఉబ్బుంటే, సొట్టుంటే అలా చూస్తేనే తెలుస్తుందట. తర్వాత అరచేత్తో తడుముతూ చుట్టూ నడిచాడు. ఒకచోట ఆగి వేలి గోరుతో గీశాడు. ఒకచోట చెంప ఆనించాడు. చివరికి వెల్లకిలా పడుకుని అడుగు కిందికి దూరాడు. గోపికకు కన్ను తిప్పబుద్ధి కాలేదు. ఒక మనిషి ఒక వస్తువును ఇంత మర్యాదగా చూడటం ఆమె ఇంతకు ముందు ఎరగదు.

"చూశావా చెల్లే," అంది రోజీ. "మా ఇంటికి పెళ్లిచూపులకొచ్చినప్పుడు ఈయన ఇందులో సగం సేపు కూడా చూడలేదు నన్ను. కాఫీ తాగి సరే అన్నాడు."

బోటు కిందినుంచి ఆదిశేషు గొంతు వచ్చింది. "నువ్వు కొత్త పెయింటేసుకుని కూర్చున్నావు. లోపల సంగతి నాకెట్టా తెలుస్తదే?"

అందరూ నవ్వారు. మేక కూడా అరిచింది.

గోపికకు ఊరికే నిలబడటం చేతకాలేదు. నరేంద్ర పనిముట్ల సంచిలోంచి చిన్న సుత్తి తీసుకుని బోటు పక్కన మెల్లగా తట్టింది. టంగు. ఇంకొంచెం ముందుకు జరిగి తట్టింది. టంగు. ఆ శబ్దం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె నాయన పాపయ్య పలకల రాయి చీల్చే పనివాడు. దిమ్మ ముందు కూర్చుని, ఉలి వేసే ముందు తట్టి వినేవాడు. బియ్యెస్సీ చదివేటప్పుడు కూడా ఆమె ఆ రాళ్ల పక్కనే కూర్చుని పరీక్షలకు చదువుకుంది. లోపల పొర లేచిన రాయికి ఉలి వేస్తే రోజంతా పడిన కష్టం పెళ్లలై రాలిపోతుంది. అందుకని ఆ ఇంట్లో అందరికీ చెవి ముందు, చెయ్యి తర్వాత.

ముక్కు దగ్గరికి వచ్చేసరికి శబ్దం మారింది. డబ్.

ఆమె మళ్లీ తట్టింది. డబ్, డబ్.

"ఇక్కడ గుల్ల!" అని అరిచింది. "అన్నా, ఇక్కడంతా గుల్లగా ఉంది!"

అందరూ పరుగెత్తుకొచ్చారు. మోహన్‌కృష్ణ మొహం పాలిపోయింది. ఆదిశేషు సుత్తి తీసుకుని ఒకసారి తట్టి, నవ్వాపుకోలేక పలక దొంతర మీద కూలబడ్డాడు.

"గుల్ల కాదు చెల్లెమ్మా. నీళ్లెక్కినా బోటు మునక్కుండా ముక్కు దగ్గర, అమరం దగ్గర అరల్లో ఫోము కుక్కుతారు. అక్కడ ఎప్పుడూ ఇట్టాగే మోగుతుంది."

"మార్కాపురం పిల్ల బోటును పలక చేసి చూసింది," అంది రోజీ. "ఇంకాసేపుంటే దీని మీద అ ఆలు రాస్తది."

గోపిక చెవులు ఎర్రబడ్డాయి. సుత్తిని సంచిలో పెట్టేసింది. నరేంద్ర ఆమె వెనకగా పోతూ చేతిలో చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు. అంతటితో ఆమె సిగ్గంతా ఎటో పోయింది.

తర్వాత ఇంజను వంతు. నరేంద్ర మూత తీయగానే కింద గుడ్లు పెడుతున్న కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంటూ మోహన్‌కృష్ణ భుజం మీదుగా ఎగిరిపోయింది. నరేంద్ర ముందు ఇంజను ఒంటి మీద అరచెయ్యి వేశాడు, జ్వరం చూసినట్టు.

"చల్లగా ఉంది. మంచిది," అన్నాడు.

"చల్లగా ఉంటే ఎందుకు మంచిది?" అంది గోపిక.

"మనం రాకముందే తిప్పి వేడి చేసి పెట్టుంటే, ఏ ముసలి ఇంజనైనా ఒక్క దెబ్బకు లేస్తది. చల్లటి ఇంజను ఎట్ల లేస్తదో చూస్తేనే దాని వయసు తెలిసేది."

ఆయిలు కొలిచే పుల్లను తీసి వేళ్ల మధ్య రుద్ది చూపించాడు. నీళ్లు కలిస్తే టీ రంగుకు తిరుగుతుందట. ఇది నల్లగా, నిగనిగలాడుతోంది. రెండు డ్రమ్ముల నీళ్లు తెప్పించి, పైపు కలిపి, స్టార్టు చేశాడు. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారికి అందుకుంది. నల్లటి పొగ బుస్సున వచ్చి, కాసేపటికి పలచబడి, కనబడకుండా పోయింది. నరేంద్ర కళ్లు మూసుకుని విన్నాడు. అతని పెదాల మీద చిన్న నవ్వు కదిలింది. ఆ నవ్వు ఇంజనుకు దక్కిందని గోపికకు కొంచెం అసూయ, చాలా గర్వం.

"ఎంత బాగా చూసుకున్నావు అన్నా దీన్ని," అన్నాడు మోహన్‌కృష్ణతో. ఆయన తల వంచుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"అన్నీ చూశావు గానీ ఒకటి మరిచావు బావా," అన్నాడు ఆదిశేషు. "మీ క్వారీ ఇంజను తాగేది మంచినీళ్లు. ఇది తాగేది ఉప్పు." ఇంజను ఆపించి, నీళ్లు తిరిగే గొట్టం వంపును విప్పాడు. లోపల తెల్లగా గార కట్టి, దారి సగానికి పైగా మూసుకుపోయింది.

నరేంద్ర దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేనైతే ఇది విప్పేవాణ్ణే కాదురా," అన్నాడు మెచ్చుకోలుగా. "గొట్టం మారిస్తే చాలునా?"

"చాలు."

ఇద్దరూ గొట్టం మీద వంగి, కాలేజీ కుర్రాళ్లలా మాటల్లో పడిపోయారు. ఇక బేరం ఖాయమైనట్టే. మోహన్‌కృష్ణ మజ్జిగ తెప్పించాడు. బోటు నీడలో చల్లగా ఉందని గోపికా రోజీ అడుగు కింద కూర్చున్నారు.

రోజీ గొంతు తగ్గించింది. "మొన్న మంగళూరికి మాట ఇచ్చి వచ్చాడు చెల్లే. ఇది కుదరకపోతే పోవాల్సిందే. ఇంతకు ముందొకసారి పోయాడు. తిరిగొచ్చి పిల్లదాన్ని ఎత్తుకుంటే, ఎవరో అనుకుని గుక్కపట్టి ఏడ్చింది. ఆ రాత్రి ఈయన అన్నం తినలేదు." గ్లాసు కింద పెట్టి బోటును నిమిరింది. "ఇదొచ్చిందంటే రోజూ ఇంటికొస్తాడు. కంపు కొడతాడనుకో, అయినా వస్తాడు."

నరేంద్ర సామానుకని పొదిలి పోయి సాయంత్రం దాకా రాకపోతేనే గోపికకు ఇంట్లో తోచదు. ఏడాదంటే ఎట్లా? ఈ నీలం బోటు రోజీదై తీరాలని, తనదే అయినంత గట్టిగా అనుకుంది. అనుకుంటూ, ఇంకా అలవాటుకాని పెళ్లి ఉంగరాన్ని వేలి మీద తిప్పుకుంటూ, తలకు పైనున్న బోటు అడుగును ఊరికే ఉంగరంతో తాకించింది.

టక్, దాని వెనకే సన్నగా జర్ అని ఇంకో చప్పుడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. పక్కన తాకించింది. టంగు. మళ్లీ అక్కడ. టక్, జర్. డబ్‌మనే మొద్దు శబ్దం కాదు ఇది. మంచి రాయికి ఒకటే గొంతని, పొర లేచిన రాయికి రెండు గొంతులని నాయన చెప్పేవాడు. ఇక్కడ రెండు గొంతులున్నాయి. సరిగ్గా ఇంజను కూర్చున్న చోటు కింద.

ఇందాక నవ్వినట్టే మళ్లీ నవ్వుతారేమో. ఇక్కడ కూడా ఏదో కుక్కి ఉంటారేమో. నవ్వితే నవ్వారు. కానీ నవ్వకపోతే? తను నోరు తెరిస్తే రోజీ మొగుడు మంగళూరు రైలెక్కుతాడు. తెరవకపోతే, ఇదే బోటులో సముద్రం మీదికి పోతాడు. గోపిక రోజీ మొహం వైపు చూసింది. రోజీ బోటు మీదే చెయ్యి వేసుకుని కళ్లు మూసుకుని ఉంది.

"నరేంద్రా!"

షెడ్డంతా ఖంగుమంది. పేరు పెట్టి అరిచానని ఆమెకు తర్వాత గానీ తెలియలేదు. నరేంద్ర చేతిలో గొట్టం జారవిడిచి వచ్చాడు.

"ఇక్కడ ఫోముందా అన్నా?" అని ఆదిశేషును అడిగింది.

"లేదు. ఇంజను కింద ఎవరూ పెట్టరు. ఎందుకు?"

ఆమె ఉంగరంతో తాకించింది. ఆదిశేషు విన్నాడు. ఈసారి నవ్వలేదు. గబగబా పైకెక్కి, ఇంజను పక్కన చెక్క లేపి, టార్చి వేశాడు. బోటు లోపలంతా పాత రంగు. ఇంజను దిమ్మ చుట్టూ మాత్రం నున్నటి బూడిద రంగు పూత.

"అది నేను కొన్ననాటి నుంచీ అట్లే ఉంది నాయనా. నేను వేయించలేదు," అన్నాడు మోహన్‌కృష్ణ.

నరేంద్ర స్క్రూడ్రైవరుతో పూత గీకి, మొన గుచ్చి మెల్లగా లేపాడు. ఫైబరు పొర ఒకటి, పాత పలక అంచు పెచ్చులేచినట్టు, చప్పుడు లేకుండా పైకి వచ్చింది. దాని కింద ఇంకొకటి.

ఆదిశేషు ఆ పొరలను వేలితో తడిమాడు. "ఇంజను ఊపుకు పొరలు విడిపోయినాయి. పెద్ద అలల్లో ఎత్తి కుదేస్తే ఇక్కడే తెరుచుకునేది," అన్నాడు.

రోజీ లేచి చీర దులుపుకుంది. "పోతే పోయింది. మనుషులు మిగిలారు. టిక్కెట్టు చూస్కో ఓయ్," అంది. చేపల పాటలో ఒడ్డును ఆపే గొంతు అది. ఇప్పుడు పక్కవాళ్లకే సరిగ్గా వినపడలేదు.

"ఉండు వదినా," అంది గోపిక. "ఎంత దూరం పోయిందో చూడకుండా టిక్కెట్టెందుకు? మా నాయన ఒక మూల పొర లేచిందని దిమ్మనంతా ఎప్పుడన్నా పారేసినాడా? గుల్ల ఎంతవరకో తట్టి గీత గీసి, అంతవరకే కోసి తీసేస్తాడు. మిగిలిందాంట్లో పలకలు తీస్తాడు."

నేల మీద వెతికితే బలపం దొరకని చోటు ఆ షెడ్డులో లేదు. ఒక ముక్క తీసుకుని, కొంగు నడుముకు దోపి, ఆమె అడుగు కింద మోకాళ్ల మీద కూర్చుంది. రెండు గొంతులు వినపడిన చోటు నుంచి వేలెడు వేలెడు దూరం జరుగుతూ తట్టింది. ఒకటే గొంతు వచ్చిన ప్రతిచోటా చుక్క పెట్టింది. ఆదిశేషు లోపలినుంచి చెవి ఆనించి విన్నాడు. ఆమె మాట చెప్పకముందే "ఇక్కడ ఆగింది చెల్లెమ్మా" అని అతనే అనడం మొదలుపెట్టాడు. చుక్కలన్నీ కలిపితే చేటంత గుండ్రం తేలింది. అంతకు మించి జానెడు కూడా పాకలేదు.

అయినా ఆమె ఆగలేదు. బోటు మొత్తం తట్టాలంది. ఎండ నెత్తిమీదికి వచ్చి దిగిపోయింది. నరేంద్ర ఆమె వెంట నీళ్ల సీసా పట్టుకుని నడిచాడు. బాగా మోగిన ప్రతిచోటా ఆమె, టీచరమ్మ లెక్క దిద్దినట్టు, బలపంతో టిక్కు పెట్టింది. ముక్కు నుంచి అమరం దాకా నీలం బోటంతా తెల్లటి టిక్కులు పరుచుకున్నాయి. తప్పు ఒక్కటే, చేటంత.

ఆదిశేషు దూరంగా నిలబడి చాలాసేపు చూశాడు.

"ఎక్కడుందో తెలిసిన రోగానికి భయం లేదు," అన్నాడు చివరికి. "ఇంజను దింపి, ఆ చోటు కోసేసి కొత్త పొరలు వేస్తే నిలబడుద్ది. మా ఊళ్లో ఫైబరు పని చేసే ఆయన ఉన్నాడు. తీసుకొస్తా."

"ఆ ఖర్చు నాది," అన్నాడు మోహన్‌కృష్ణ వెంటనే. "ఇన్నాళ్లూ దీనికి కుంకుమ పెట్టినా గానీ కడుపులో నొప్పి కనుక్కోలేకపోయినా."

రోజీ వచ్చి గోపిక రెండు చేతులూ పట్టుకుంది. బలపం పొడితో తెల్లబడిన వేళ్లను చూసింది. "పని అయ్యాక మళ్లీ నువ్వే వచ్చి తట్టాలి. నువ్వు టిక్కు పెడితేనే మా ఆయన ఎక్కేది. అర్థమైందా?" అంది. కళ్లు తుడుచుకుని, "మొగుణ్ణి పేరు పెట్టి ఎంత గట్టిగా పిలిచావే తల్లీ! కంభం చెరువులో నీళ్లు కూడా ఉలిక్కిపడ్డాయి," అని నవ్వింది.

ఫైబరు పనాయన వచ్చాడు. గీతకు జానెడు అవతలి దాకా కోసి, కొత్త పొరలు ఒకదాని మీద ఒకటి పరిచాడు. అది ఆరిన రోజు అందరూ మళ్లీ షెడ్డులో చేరారు. ఇంజను దిమ్మ కింద గోపిక కూర్చుంది. రోజీ ఆమె భుజం పట్టుకుని నిలబడింది. ఆదిశేషు మాత్రం దగ్గరికి రాలేదు, గేటు దగ్గర వీళ్లకు వీపు పెట్టి నిలబడ్డాడు.

గోపిక సుత్తి ఎత్తింది.

టంగు.

పక్కన. టంగు. మధ్యలో, అంచుల్లో, మళ్లీ మధ్యలో. ఒకటే గొంతు. ఆమె బలపంతో పెద్ద టిక్కు పెట్టేసరికి ఆదిశేషు వెనక్కి తిరిగాడు. అతని మొహం చూసి గోపికకు ఏడుపొచ్చింది. నరేంద్ర ఆమెకు తన ఆయిలు గుడ్డ ఇచ్చాడు. ఆమె దాంతోనే కళ్లు తుడుచుకుంది, చెంపకు నల్లగా అంటుకుంది.

లారీ ఎక్కించే ముందు కుర్రాళ్లు నీళ్ల పైపు తెచ్చి బోటు కడగబోయారు. ఆదిశేషు వద్దన్నాడు. "ఉండనీ. సముద్రమే కడుగుతుంది."

ఒళ్లంతా టిక్కులతో నీలం బోటు మార్కాపురం వీధుల్లో నుంచి పోతుంటే, దుకాణాల్లో జనం లేచి నిలబడి చూశారు. మోహన్‌కృష్ణ చెయ్యి ఊపుతూ గేటు దగ్గరే ఉండిపోయాడు. నరేంద్ర, గోపిక బండి మీద లారీ వెనకే ఊరి చివరి దాకా సాగనంపడానికి బయలుదేరారు. ఊరి చివర వచ్చింది, బండి ఆగలేదు. కొనకనమిట్ల దాటింది. లారీ క్యాబిన్‌లోంచి రోజీ తల బయటపెట్టి ఏదో అరుస్తోంది, గాలికి వినపడటం లేదు, రమ్మంటోందని మాత్రం చెయ్యి చెబుతోంది.

"ఇంట్లో అన్నం వండి పెట్టొచ్చినాను," అంది గోపిక అతని వీపు వెనకనుంచి.

"అయితే వెనక్కి తిప్పనా?"

ఆమె ముందుకు వంగి, హెల్మెట్ పక్కన నోరు పెట్టి, "పోనీ నరేంద్రా," అంది.